చిన్న బోరే కదా అంటే మేం ఒప్పుకోం



కొంచెం పొడుగు పోస్టు. ఓపికతో చివరిదాక చదవండి. కొట్లాడాలె అనిపిస్తే చదివినంక కొట్లాడండి.

మేం మేళ్లచెరువు వైపు తండాల నుంచి వచ్చి హాస్టల్ల ఉండి డిగ్రీ చదువుతున్నోళ్లం. మా ఇండ్లల్ల కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మన గ్రూపుల పగిడేరు వేడినీళ్ల కరెంటు మీద నడుస్తున్న చర్చ మొత్తం చదివినం. ముగ్గురు నలుగురు తప్ప అందరూ మూడే మాటలు తిప్పి తిప్పి రాస్తున్నరు. ఒకటి, "పొగ రాదు, బూడిద రాదు, ఇంకేం కావాలె?" రెండు, "ఇరవై కిలోవాట్ల ప్రాజెక్టుకు కూడా పర్యావరణ ప్రభావ అంచనా కావాల్నా?" మూడు, "ఏ పని మొదలుపెట్టినా మీరు అడ్డం పడుడే."

ఈ మూడింటికీ జవాబు చెప్తం. మా మాట మాత్రం ఒక్కటే. భూమిల నుంచి వేడి తీసే ఏ ప్రాజెక్టయినా, ఎంత చిన్నదైనా, బోరు దించకముందే కొలవాలె. కొలిచింది ఊరి ముందర పెట్టాలె. ప్రాజెక్టు చిన్నదైతే కొలత చిన్నగ ఉండొచ్చు, అసలు లేకుండ పోవద్దు.

ముందుగాల విషయం తెల్వనోళ్ల కోసం. పగిడేరు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు దగ్గర ఉంటది. అక్కడ బోరుల నుంచి వేడి నీళ్లు వస్తయి. భూమి లోపలికి పోయినకొద్దీ వేడి పెరుగుతది, మామూలుగా కిలోమీటరుకు 25 నుంచి 30 డిగ్రీలు. గోదావరి లోయల రాతి పొరలకు పెద్ద పెద్ద పగుళ్లున్నయి. ఆ పగుళ్లల్ల లోతుకు దిగిన నీళ్లు వేడెక్కి మళ్ల పైకొస్తయి. ఆ వేడి మీద సింగరేణి 20 కిలోవాట్ల ప్రయోగాత్మక ప్లాంటు చేపట్టింది. ఆ నీళ్లు సొంతంగ టర్బైన్ తిప్పేంత ఆవిరి ఇయ్యవు. అందుకే తక్కువ వేడికే మరిగే ఇంకో ద్రవాన్ని మూసిన గొట్టాలల్ల తిప్పి, దాని ఆవిరితోని టర్బైన్ నడిపిస్తరు. ఆర్గానిక్ రాంకిన్ సైకిల్ అంటరు దీన్ని.

20 కిలోవాట్లు అంటే ఎంత? మనకు తెలిసిన 2 కిలోవాట్ల గీజర్లు పది ఒక్కసారి నడిస్తే అయ్యేంత. అదే మణుగూరు వైపు భద్రాద్రి థర్మల్ ప్లాంటు 1,080 మెగావాట్లు. పగిడేరు ప్లాంటు దాంట్ల 54 వేలల్ల ఒక వంతు. చిన్నదే, కాదనం.

ఇంకో మాట కూడా ముందే చెప్తున్నం. మేం దీనికి వ్యతిరేకం కాదు. భూమి వేడి మన పిల్లలకు పనికొచ్చే వేడే. చలికాలం తెల్లవారి హాస్టల్ పంపు కింద తల పెట్టినోళ్లకు ఈ మాట విడమరిచి చెప్పే పని లేదు. లెక్క చూడండి. వంద మందికి తలా 15 లీటర్లు, 25 డిగ్రీల నీళ్లను 40 డిగ్రీలకు తేవాలె. 1,500 లీటర్లు, 15 డిగ్రీల తేడా. కరెంటుతోని కాగబెడితే సుమారు 26 యూనిట్లు. అదే 60 డిగ్రీల నీళ్లు సెకనుకు ఒక్క లీటరు వచ్చే బోరు ఉండి, ఆ నీళ్లను 40 డిగ్రీలదాక వాడుకుంటే 84 కిలోవాట్ల వేడి చేతికొస్తది. వంద మంది స్నానాలకు అయ్యే వేడి 20 నిమిషాల లోపల తయారు. స్నానాలే కాదు, మిర్చి, పసుపు, ఇప్పపువ్వు ఆరబెట్టుకోవచ్చు. అరుణాచల్ ప్రదేశ్‌ల మోన్పా ఆదివాసులుండే దిరాంగ్‌ల పండ్లు ఆరబెట్టనీకి, చలికి గదులు వెచ్చబెట్టనీకి 2025ల వేడినీళ్ల బోరు దించిండ్రు. అక్కడ ముందు రెండేండ్లు నీటి రసాయనం, రాతి పొరలు సర్వే చేసినంకనే బోరు యంత్రం తెచ్చిండ్రు. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి. కొలిచినందుకు పని ఆగలేదు. ఎక్కడ తవ్వాల్నో కొలిచినందుకే తెలిసింది.

ఇగ మొదటి మాటకు వస్తం. పొగ రాదు, నిజమే. బూడిద చెరువు ఉండదు, నిజమే. కానీ మన బాధలన్నీ పొగల నుంచే వచ్చినయా?

నల్లగొండ పిల్లలం చెప్తున్నం, వినండి. మా ఉమ్మడి జిల్లాల ఫ్లోరైడ్ పొగ గొట్టంల నుంచి రాలేదు. ఏ ఫ్యాక్టరీ కాలువల నుంచీ రాలేదు. బోరుల నుంచి వచ్చింది. చెరువు నీళ్లు, చేదబాయి నీళ్లు తాగిన జనానికి కరువొచ్చింది. చేతిపంపు వచ్చింది, దాని వెనుక బోరు వచ్చింది. ఒక్కొక్క బోరు చిన్నదే. ఆరు అంగుళాల బెజ్జం. దానికి పర్యావరణ అంచనా అని ఎవరన్నా అడిగి ఉంటే నవ్వేటోళ్లు. కానీ లోపల గ్రానైటు రాయిల ఉన్న ఫ్లోరైడ్ ఆ నీళ్లల్ల కరిగి బిందెలకొచ్చింది. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటొద్దు, వేరే దిక్కు లేకపోతే 1.5 దాక సరిపెట్టుకోవచ్చని ప్రమాణం చెప్తది. మర్రిగూడ, చింతపల్లి, మునుగోడు దిక్కు ఊర్లల్ల ఆ గీత ఎన్నడో దాటిపోయింది. పండ్లు గారపట్టినయి, మోకాళ్లు వంకరపోయినయి, నడుములు వంగినయి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్ నీరి శాస్త్రవేత్తలు పెట్టిన పేరే నల్లగొండ టెక్నిక్. ప్రపంచంల ఎక్కడ నీళ్ల పాఠం చెప్పినా మన జిల్లా పేరు వస్తది. రావాల్సిన పేరేనా ఇది?

ఆ నీళ్ల కోసమే 1996 లోక్‌సభ ఎన్నికల్ల నల్లగొండల 480 మంది నామినేషన్ వేసి నిలబడ్డరు. ఓటు అడగనీకి కాదు, మా నీళ్లు చూడుండ్రి అని దేశానికి చెప్పనీకి. బోరు దించేముందు ఒక సీసా నీళ్లు పరీక్ష చేసే పని ఎవరూ చేయకపోతే, తర్వాత 480 మంది నిలబడాల్సి వచ్చింది. అందుకే చిన్న బోరే కదా అనే మాట మా చెవుల వడంగనే మాకు మండుతది.

వేడినీళ్ల బోరుకూ ఫ్లోరైడ్‌కూ ఏం సంబంధం అంటరా? చాయ్‌ల చక్కెర చన్నీళ్ల కంటె వేడినీళ్లల్ల జల్ది కరుగుతది కదా. రాయి కూడా అంతే. లోతుకు పోయి, ఏండ్లకేండ్లు రాయితోని రాసుకొని, వేడెక్కి వచ్చిన నీళ్లు ఖాళీ చేతులతో రావు. ప్రపంచంల చాలాచోట్ల వేడినీటి ఊటలల్ల ఫ్లోరైడ్, బోరాన్, ఆర్సెనిక్, సిలికా మామూలు నీళ్ల కంటె ఎక్కువ తేలినయి. కొన్నిట్ల కుళ్లిన గుడ్డు వాసనొచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా వస్తది. పగిడేరు నీళ్లల్ల విషం ఉన్నదని మేం ఆరోపణ చేస్తలేం. కొలత అడుగుతున్నం. ఆ రెండూ ఒకటి కాదు.

"అది క్లోజ్డ్ లూప్ ప్లాంటు, బయటికి చుక్క రాదు" అని ఒక అన్న రాసిండు. అన్నా, మీరు చెప్పింది సగమే. మూసిన గొట్టంల తిరిగేది ఆ రెండో ద్రవం. భూమిల నుంచి వచ్చిన నీళ్లు వేరు. అవి తమ వేడిని ఆ ద్రవానికి ఇచ్చి బయటికి వస్తయి. అప్పుడు అవి ఎటు పోతయి? మళ్ల ఇంకో బోరు ద్వారా లోపలికే పంపుతరా, లేకపోతే వాగుల వదులుతరా? అసలు ప్రశ్న ఇది. ఇంత తక్కువ వేడి నీళ్లతోని కరెంటు చేస్తే, తీసుకున్న వేడిల వందకు పది పాళ్లు కూడా కరెంటు కాదు. ఇది ఫిజిక్స్, రాజకీయం కాదు. అంటే 20 కిలోవాట్ల కరెంటుకు 200 కిలోవాట్ల కంటె ఎక్కువ వేడి తీయాలె. మిగిలింది గాలికి, నీళ్లకు పోవాల్సిందే. వాగు నీళ్లు 25 డిగ్రీలున్నప్పుడు లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైన ఆక్సిజన్ పట్టుకుంటయి. 40 డిగ్రీలైతే ఆరున్నర కూడా పట్టవు. చేప తెల్లారి సచ్చిపోదు, కానీ ఆ మడుగుల ఉండదు. ఆ చేప ఏ కూడెంలో కూరైతదో ప్రాజెక్టు రిపోర్టుల రాయరు. ఇగ ఆ రెండో ద్రవం లీకైతే ఏంది? అట్లాంటి ద్రవాలల్ల కొన్ని మంటంటుకునేటివి, కొన్ని కార్బన్ డయాక్సైడ్ కంటె వెయ్యి రెట్లకు పైన భూమిని వేడెక్కించేటివి. ఏ ద్రవం వాడుతున్నరు, ఎన్ని కిలోలు, లీకైతే ఎవరికి ఫోన్ చేయాలె? ఈ మూడు ముక్కలు గేటు కాడ బోర్డు మీద రాస్తే ఎవరి సొమ్ము పోతది?

రెండో మాట, చిన్నది కదా అని. చిన్నదాంట్ల ఏమైతదో జర్మనీల స్టౌఫెన్ అనే చిన్న టౌను చూపించింది. మన మండల కేంద్రమంత ఊరు. 2007ల వాళ్ల పాత మున్సిపల్ ఆఫీసు బిల్డింగును భూమి వేడితోని వెచ్చబెట్టాలనుకున్నరు. సెప్టెంబర్‌ల ఏడు బోర్లు వేసిండ్రు, ఒక్కోటి 140 మీటర్లు. మా దిక్కు ఒక రైతు మిర్చి చేను కోసం ఇంతకంటె లోతు బోరు వేస్తడు. కొన్ని నెలలకే ఊర్ల గోడలు పగులుడు మొదలైంది. కింద అన్‌హైడ్రైట్ అనే రాతి పొర ఉంది. బోర్ల గుండా నీళ్లు ఆ పొరకు తగిలినయి. నీళ్లు తాగిన ఆ రాయి జిప్సం అయి ఉబ్బింది. ఊరు ఊరే పైకి లేచింది, నెలకు సెంటీమీటరు దాక లేచిన రోజులున్నయి. 200కు పైన ఇండ్లు బీటలు వారినయి. మంచి పని కోసం, పొగ రాని పని కోసం, ఒక్క బిల్డింగు కోసం వేసిన ఏడు చిన్న బోర్లు. జిప్సం అంటే ఏందో సిమెంటు ఫ్యాక్టరీలల్ల లోడింగ్ చేసే మా బాపులకు తెలుసు. బస్తాల కొద్దీ చూసిండ్రు. కింద ఏ రాయి ఉందో ముందే సరిగ్గ చూసుకొని ఉంటే స్టౌఫెన్ ఇండ్లు నిలిచేటివి.

మన దేశంల లడఖ్ పూగా లోయ చూడండి. అక్కడ చాంగ్‌పా పశుపాలకులు గొర్లు, మేకలు, యాకులు మేపుకుంటరు. వాళ్లూ మన లెక్క షెడ్యూల్డ్ తెగే. 2021 ఫిబ్రవరిల ఓఎన్‌జీసీ, లడఖ్ పాలనా యంత్రాంగం, లేహ్ కొండ మండలి ఒప్పందం రాసుకున్నరు. మొదటి మెట్టు 1 మెగావాట్ ప్లాంటు. 2022 ఆగస్టుల బోరు తవ్వుతుంటే లోపలి నీళ్లు, ఆవిరి ఒత్తిడితో బయటికి తన్నినయి. ఆ నీళ్లు పోయి పూగా వాగుల కలిసినయి. పని ఆపాల్సి వచ్చింది. దేశంల పెద్ద పెద్ద డ్రిల్లింగ్ యంత్రాలున్న సంస్థకే ఇట్లయింది. చిన్న ప్రాజెక్టుకు చిన్న కాంట్రాక్టరు వస్తడు. అతని దగ్గర ఏ ఏర్పాటు ఉంటది? అడగొద్దా?

ఇప్పుడు మా నేల సంగతి. మణుగూరు ముచ్చట మేళ్లచెరువోళ్లకు ఎందుకు అంటరేమో. 2025 సెప్టెంబర్‌ల కేంద్రం భూతాప శక్తికి జాతీయ విధానం ప్రకటించింది. అండ్ల వేడినీళ్ల ఊటలే కాదు, మామూలు నేల కింద గొట్టాలు దించి బిల్డింగులను వెచ్చగనో చల్లగనో ఉంచే హీట్ పంపులు కూడా ఉన్నయి. మన ఎండలకు ఆ చల్లదనం బంగారమే. రేపు ఏ స్కీము కిందనో ఒక గురుకులానికి, ఒక హాస్టల్‌కు, ఒక దవాఖానకు ఆ గొట్టాలు దించుతమని వస్తరు. రావాలె కూడా. కానీ మేళ్లచెరువు కింద ఉన్నది సున్నపురాయి. నీళ్లకు కరిగే రాయి. కర్నూలు దిక్కు బెలూం గుహలు అట్ల కరిగిన సున్నపురాయిల ఏర్పడినయే. మా శంభులింగేశ్వరుని లింగం పైన ఉన్న గుంటల ఎప్పుడూ నీళ్లు ఊరుతయని శివరాత్రికి వచ్చేటోళ్లంతా చెప్పుకుంటరు. మా దగ్గరి ఒక ఊరి పేరే బుగ్గమాదారం, బుగ్గ అంటే ఊట. రాతిల నీళ్ల దారులు ఎటు ఉన్నయో మా పెద్దోళ్లు పేర్లల్ల రాసిపెట్టిండ్రు. గొట్టం దించేటోళ్లు ఆ దారులు చూసి దించాలె.

ఇంకోటి, 2020 జనవరి 26 తెల్లవారుజామున మా దిక్కు భూమి కదిలింది, తీవ్రత 4.6. పులిచింతల చుట్టూ, చింతలపాలెం, మేళ్లచెరువు మండలాల జనం అర్ధరాత్రి గొంగడి కప్పుకొని బయట కూసున్నరు. అంతకుముందు రోజులల్ల కూడా చిన్న చిన్న ప్రకంపనలు వచ్చినయి. హైదరాబాద్ నుంచి ఎన్‌జీఆర్‌ఐ వాళ్లు వచ్చి భూకంపం కొలిచే యంత్రాలు పెట్టిండ్రు. లోతు బోర్లల్ల ఒత్తిడితోని నీళ్లు ఎక్కించే ప్రాజెక్టులు కొన్ని దేశాలల్ల చిన్న భూకంపాలు తెచ్చినయి. స్విట్జర్లాండ్ బాసెల్‌ల 2006ల అట్లనే అయితే పని ఆపేసిండ్రు. హీట్ పంపు గొట్టాలతోని అంత కాదు. కానీ ముందే కదులుతున్న నేల మీద ఏ రకం ప్రాజెక్టు వస్తదో, ఎంత లోతు పోతదో అడిగే హక్కు మాకుంది.

ముందే కొలవాలె అని ఎందుకు ఇంత పట్టు పడుతున్నం? మా అనుభవం చెప్తం. మా వైపు ఒక రాళ్ల గనిల పేలుడు పెట్టినప్పుడు తండాల ఇంటి గోడ పగిలింది. పెద్దమనుషులు పోయి అడిగిండ్రు. "ఆ బీట ముందు నుంచే ఉన్నది" అన్నరు. ముందు లేదని చెప్పనీకి మా కాడ ఏముంది? ఫోటో లేదు, కాగితం లేదు, తేదీ లేదు. ముందటి కొలత లేనోడు తర్వాత ఏం చెప్పినా అబద్ధం చెప్పినట్లే ఉంటది. పర్యావరణ ప్రభావ అంచనా అంటే ఇంగ్లీషు పుస్తకంల పెద్ద మాట కాదు. ప్రాజెక్టు రాకముందు నా ఇల్లు, నా నీళ్లు, నా వాగు ఇట్ల ఉండె అని చెప్పే సాక్ష్యం. భూమి పట్టా ఎట్లనో ఇది గట్ల.

చట్టం చూసుకుంటది అనేటోళ్లకు ఒక మాట. 2006 సెప్టెంబర్ 14 నాటి ఈఐఏ నోటిఫికేషన్‌ల గనులున్నయి, థర్మల్ ప్లాంట్లున్నయి, సిమెంటు ఫ్యాక్టరీలున్నయి. ఆ జాబితాల భూతాప ప్రాజెక్టులకు ప్రత్యేకంగ ఒక వరుస లేదు. జాబితాల ఉన్నోళ్లే సరిగ్గ ఉన్నరా? భద్రాద్రి థర్మల్ పనులు పర్యావరణ అనుమతి రాకముందే మొదలైతే 2015ల జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆపమన్నది. జాబితాల ఉన్న 1,080 మెగావాట్ల ప్రాజెక్టే అట్ల చేస్తే, జాబితాలనే లేని 20 కిలోవాట్లను ఎవరు అడగాలె? మనమే అడగాలె.

ప్రజాభిప్రాయ సేకరణలు మా దిక్కు మస్తు చూసినం. 30 రోజుల ముందు నోటీసు, టెంటు, కుర్చీలు, పోలీసులు. పూర్తి రిపోర్టు ఇంగ్లీషుల వందల పేజీలు, తెలుగుల సారాంశం పలుచటి కాగితాలు. ఆ తెలుగు కూడా ఆఫీసోళ్ల తెలుగు. మా యాడి గోర్‌బోలి మాట్లాడుతది, పగిడేరు దిక్కు అమ్మలు కోయ మాట్లాడుతరు. 2020ల కొత్త ఈఐఏ ముసాయిదా వచ్చినప్పుడు దాన్ని ఎనిమిదో షెడ్యూల్‌ల ఉన్న 22 భాషల్లకు తర్జుమా చేయమని ఢిల్లీ హైకోర్టు చెప్పింది. మంచి తీర్పే. కానీ ఆ 22ల సంతాలీ, బోడో ఉన్నయి, కోయ లేదు, గోర్‌బోలి లేదు. కాగితం రాదు సరే, మాటగ చెప్పొచ్చు కదా. మైకుల ఒక గంట మా భాషల చెప్పిస్తే సరిపోతది.

ఏజెన్సీ ఊర్లకు 1996 పెసా చట్టం ఉన్నది, 1997 సమత తీర్పు ఉన్నది. అమ్రాబాద్ చెంచు అన్నలకు కూడా ఐదో షెడ్యూల్ ఉన్నది. మేళ్లచెరువు తండాలకు అది లేదు. కానీ 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాత మా తండాలు సొంతంగ గ్రామపంచాయతీలైనయి. అంటే గ్రామసభ మాదే. పెసా ఉన్నచోట పెసాతోని, లేనిచోట గ్రామసభ తీర్మానంతోని అడుగుదం. అడగనీకి దారి లేదనే సాకు ఎవరికీ లేదు.

మూడో మాట, మీరు అడ్డం పడుడే అని. ఇది మన లోపలోళ్లకు కూడా జవాబు. మన గ్రూపుల కొందరు అన్నలు ఏ ప్రాజెక్టు పేరెత్తినా "కుట్ర" అని ఒక్క మాట రాసి పోతున్నరు. అన్నా, అట్ల రాస్తే అవతలోళ్లకు పని అలక అయితది. "వీళ్లకు అభివృద్ధి వద్దంట" అని ఫైలు మూస్తరు. చలికి వణికేది మన పిల్లలే, పొయ్యి పొగకు కండ్లు పోగొట్టుకునేది మన అమ్మలే. భూమి వేడి మనకు రావొద్దు అనే హక్కు మనకెవరిచ్చిండ్రు? కుట్ర అంటే వాదన ఆడనే ఆగిపోతది. ఫ్లోరైడ్ ఎంత, నీళ్లు ఎటు పోతయి అంటే అవతలోడు జవాబు చెప్పాల్సిందే.

అందుకే మేం అడిగేది చిట్టా రాసి పెడుతున్నం. చిన్న ప్రాజెక్టుకు చిన్న చిట్టా.

1. బోరు దించకముందు ఒక ఎండాకాలం, ఒక వానకాలం చుట్టూ ఉన్న తాగునీటి బోర్లు, బాయిలు, వాగు నీళ్లు పరీక్ష చేయాలె. ఫ్లోరైడ్, బోరాన్, ఆర్సెనిక్, లవణాలు, నీటి మట్టం, నీటి వేడి. ఇది గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులకు, యూనివర్సిటీ ల్యాబులకు చేతగాని పని కాదు.

2. కింద ఏ రాతి పొర ఎంత లోతుల ఉందో చూడాలె. బోరు చుట్టూ సిమెంటు, కేసింగు ఎక్కడిదాక దించుతరో రాసియ్యాలె. పై నీళ్లు, కింది నీళ్లు కలవొద్దు.

3. వాడినంక నీళ్లు ఎటు పోతయో చెప్పాలె. మళ్ల లోపలికి పంపుడే మొదటి పద్ధతి కావాలె. వాగుల వదిలితే ఎంత వేడి మీద, ఎన్ని లీటర్లు వదులుతరో రాయాలె.

4. దగ్గరి ఇండ్ల గోడలు, బాయిలు పని మొదలుకాకముందే ఫోటోలు తీయాలె, తేదీ వేయాలె, ఒక నకలు ఇంటోళ్లకు, ఒక నకలు పంచాయతీకి ఇయ్యాలె.

5. ఈ అంచనా అంతా ఊరి భాషల గ్రామసభల చెప్పాలె. నడుస్తున్నన్ని రోజులు మూడు నెలలకోసారి నీటి పరీక్ష ఫలితం పంచాయతీ గోడ మీద అంటించాలె.

6. కొలత గీత దాటితే ప్లాంటు ఆపాలె. ఎవరు ఆపుతరు, ఎన్ని గంటల్ల ఆపుతరు అనేది ముందే కాగితం మీద ఉండాలె. ఆగినప్పుడు ఊరికి తాగునీళ్లు ఎవరు తెస్తరో కూడా ఉండాలె.

7. తీసిన వేడిల మొదటి వాటా ఆ ఊరి బడికి, హాస్టల్‌కు, దవాఖానకు. నష్టం వస్తే ఊరిది, లాభం వస్తే ఇంకెవరిదో అంటే అది ఎవరి ప్రాజెక్టు?

ఇండ్ల ఒక్కటన్నా కోటి రూపాయలు అయ్యేది ఉన్నదా? ఒక్కటన్నా ప్రాజెక్టును సంవత్సరాలకు సంవత్సరాలు ఆపేది ఉన్నదా? లేదు. పనికిరాదనిపించే పాయింటు ఏదన్నా ఉంటే నెంబరు వేసి రాయండి, మాట్లాడుకుందం.

దేశంల 10,600 మెగావాట్ల భూతాప శక్తి ఉందని అధికారిక అంచనా. ఆ వేడి ఉన్న చోట్లు చూడండి, మణుగూరు, పూగా, దిరాంగ్, ఛత్తీస్‌గఢ్ తాతాపానీ. ఎక్కువగ మన జనం ఉండే జాగలే. బొగ్గు ఉన్నకాడ మనమే ఉన్నం, డ్యాముల కింద మునిగిన ఊర్లల్ల మనమే ఉన్నం, ఇప్పుడు వేడి ఉన్నకాడ కూడా మనమే ఉన్నం. బొగ్గు తవ్వినప్పుడు మన తాతలకు చదువు లేదు, కాగితం మీద ఏమున్నదో తెల్వక వేలిముద్ర వేసిండ్రు. ఇప్పుడు మనకు చదువొచ్చు. కెమిస్ట్రీ చదివే చెల్లెకు ఫ్లోరైడ్ కొలుచుడొచ్చు. జియాలజీ చదివే తమ్మునికి రాతి పొర చూసుడొచ్చు. లా చదివే అన్నకు సమాచార హక్కు దరఖాస్తు రాసుడొచ్చు.

కాబట్టి అడుగుతున్నం. మణుగూరు, పినపాక దిక్కు ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ ఏడు పాయింట్లను మీ గ్రామసభ ముందర పెట్టండి. పగిడేరు చుట్టూ తాగునీటి పరీక్షల ఫలితాలు ఇయ్యమని సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. రాసిపెట్టే పని మాది, ఇన్‌బాక్స్‌ల అడగండి. మా తండాలల్ల మేం ఈ సంక్రాంతి సెలవులల్ల ప్రతి తాగునీటి బోరు కాడ నీళ్లు పట్టి, ల్యాబుకు పంపి, ఫలితం పంచాయతీ గోడ మీద అంటిస్తం. ప్రాజెక్టు వచ్చినా రాకపోయినా ఆ కాగితం మా దగ్గర ఉంటది. మీ ఊర్ల కూడా చేయండి, ఫోటో ఇక్కడ పెట్టండి.

జల్, జంగల్, జమీన్ అన్నం. ఇప్పుడు ఆ జమీన్ కింద వేడి కూడా మనదే. దాని లెక్క కూడా మనమే అడగాలె.

జై భీం. జై సేవాలాల్. జై కొమురం భీం.

మేళ్లచెరువు తండాల హాస్టల్ విద్యార్థులం